స్ప్రింగ్ ఒక్కటే మార్చమన్నాను

న్యూకాజిల్
మే 6

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,
పాత లోహ వస్తువుల మరమ్మతు విభాగం

విషయం: మరమ్మతుకి ఇచ్చిన, చేపల గాలం దారం చుట్టుకునే హార్డీ పర్ఫెక్ట్ రీల్‌ని నా అనుమతి లేకుండా పాలిష్ చేసి, దాని ఫుట్ (రాడ్‌కి కట్టే కాలు) అరగదీసి పాడుచేయడం, మీ దగ్గరే ఉన్న రెండో రీల్ పనిని వెంటనే ఆపడం.

నమస్కారం.

అన్నిటికంటే తొందరైన మాట ముందు చెబుతాను. నా రెండో రీల్, సెయింట్ జార్జ్, ఇంకా మీ వర్క్‌షాప్‌లోనే ఉంది. ఈ ఉత్తరం చివరిదాకా చదవకపోయినా ఫరవాలేదు, ముందు దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని లోపల చెప్పి రండి. మిగతాది తర్వాత చదవచ్చు.

పోయిన వారం ఫోనులో మాట్లాడినప్పుడు, "తెలుగులోనే రాయండి, మా మేస్త్రీకి నేనే చదివి వినిపిస్తాను" అన్నారు. అందుకే ఇలా రాస్తున్నాను. ఈ రీళ్ళ గురించి మీకూ ఆయనకీ అంతగా తెలియకపోవచ్చునని కొంచెం వివరంగానే రాశాను. తెలిసి ఉంటే ఈ పని జరిగేది కాదు.

ఫిబ్రవరి 10న మీకు రెండు రీళ్ళు పంపాను. మొదటిది 3⅜ అంగుళాల హార్డీ పర్ఫెక్ట్. ఫారంలో నేను రాసింది ఇదీ: "చెక్ స్ప్రింగ్ విరిగింది. స్ప్రింగ్ ఒక్కటే మార్చాలి. కుడిచేత్తో తిప్పే అమరిక అలాగే ఉంచాలి. మరే భాగాన్నీ శుభ్రం చేయవద్దు, పాలిష్ చేయవద్దు." చివరి వాక్యం కింద రెండు గీతలు గీశాను. దాని ఫోటో ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. ఏప్రిల్ 11న రీల్ తిరిగొచ్చింది. బిల్లు 95 పౌండ్లు. అందులో స్ప్రింగుకీ, దాన్ని బిగించినందుకూ 30. మిగిలిన 65 పౌండ్లకి ఎదురుగా "రూపం పునరుద్ధరణ" అని ఉంది. ఆ పని నేను అడగలేదు. పెట్టె నా చేతికి రాకముందే నా కార్డు మీద డబ్బు తీసేసుకున్నారు.

పెట్టె విప్పగానే వేరేవాళ్ళ రీల్ పొరపాటున నాకొచ్చిందేమో అనుకున్నాను. స్టీలు కొట్లో కొత్త గిన్నెలా మెరిసిపోతోంది. వెనక్కి తిప్పి చూస్తే, అంచు మీద ఎప్పుడో రాయి తగిలి పడ్డ చిన్న సొట్ట కనిపించింది. అప్పుడు తెలిసింది, నాదేనని.

ఆ రీల్ ఏమిటో చెబుతాను. మన ఊరికి ఉత్తరాన, కారులో గంట లోపు దూరంలో ఉన్న ఆనిక్‌లో 1872లో హార్డీ సోదరుల వ్యాపారం మొదలైంది. పర్ఫెక్ట్ రీల్‌కి 1888లో పేటెంట్ వచ్చింది, 1891లో అమ్మకానికి వచ్చింది. లైను చుట్టుకునే డ్రమ్ము గోళీల వరుస మీద తిరిగేలా చేయడం దాని గొప్పతనం. ఆ తర్వాత దశాబ్దాల పాటు, చేప లాగితే డ్రమ్ముని అడ్డుకునే లోపలి చెక్‌ని మారుస్తూ వచ్చారు. అందుకే మాలాంటివాళ్ళం రీల్ వయసుని లోపలి చెక్ చూసి చెబుతాం. నాది 1912 చెక్. 1917లో మార్క్ 2 చెక్ వచ్చింది కాబట్టి, నా రీల్ ఆ మధ్యకాలంలో తయారైందని చెప్పుకోవచ్చు. మొదటి ప్రపంచయుద్ధానికి కాస్త అటో ఇటో ఆనిక్‌లో ఒక పనివాడు బల్ల ముందు కూర్చుని దీన్ని బిగించాడు. బిగించాక డ్రమ్ములో తన పేరులోని రెండు అక్షరాలు పోటు వేసి గుర్తు పెట్టాడు. వాళ్ళు అలా పెట్టేవారు. మీరు పంపిన రీల్‌లో ఆ అక్షరాలు లేవు. ఉన్నచోట వేలు పెట్టి తడిమితే చిన్న గుంట తగులుతుంది. బఫింగ్ చక్రం కింద అవి అరిగిపోయాయి.

పైన ఉన్న ముదురు బూడిదరంగు పూతని మీ వాళ్ళు మురికి అనుకుని ఉంటారు. అది మురికి కాదు. దాన్ని లెడ్ ఫినిష్ అంటారు. ఫ్యాక్టరీలోనే వేసిన పూత అది. ఎండలో లోహం తళుక్కుమంటే నీళ్ళలో ట్రౌట్ చేప బెదురుతుంది. బెదరకూడదనే ఆ మసక రంగు. వంద సంవత్సరాలకు పైగా చేతులు తగిలి, అంచుల్లో ఆ పూత పలచబడింది. పట్టుకునే చోట లోపలి లోహం బయటపడింది. ఎక్కడ పట్టుకుని తిప్పారో ఆ అరుగుదలే చెబుతుంది. మా అమ్మమ్మ పండగ ముందు ఇత్తడి బిందెల్ని చింతపండుతో తోమేది. బిందెకి అది అందమే, మళ్ళీ నల్లబడితే మళ్ళీ తోమొచ్చు. ఈ పూత అలా కాదు. ఒకసారి తీసేస్తే ఎవరూ తిరిగి తేలేరు. కొత్తగా రంగు వేయొచ్చు, అది కొత్త రంగే అవుతుంది.

"మెరిస్తే విలువ పెరుగుతుంది కదండీ" అని మీరు ఫోనులో అన్నారు. మంచి మనసుతోనే అన్నారని నమ్ముతున్నాను. కానీ పాత రీళ్ళ విషయంలో జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఇలాంటి రీళ్ళు వేలానికి వచ్చినప్పుడు కేటలాగులో ఏం రాస్తారో ఒకసారి చూడండి. లెడ్ ఫినిష్ ఎంత మిగిలింది, హ్యాండిల్ అసలుదేనా, చెక్ ఏ రకం, ఫుట్‌ని ఆకురాయి పెట్టి అరగదీశారా లేదా, ఇవే రాస్తారు. వీటిలో మూడిటిని మీరు పాడుచేశారు.

హ్యాండిల్ ఐవరిన్‌ది. పేరు వింటే ఏనుగు దంతం అనిపిస్తుంది గానీ, అది సెల్యులాయిడ్. ఏళ్ళు గడిచేకొద్దీ లేత తేనెరంగులోకి మారుతుంది. నాది అలాగే మారింది, ఒక పక్క సన్నటి జుట్టంత బీట ఉండేది. ఇప్పుడు దాని స్థానంలో తెల్లటి ప్లాస్టిక్ గుండీ ఉంది. పాతది విరిగిందా, పారేశారా అని అడిగితే "చూసి చెబుతాం" అన్నారు. ఇంతవరకు చెప్పలేదు.

ఇక ఫుట్. రాడ్ పిడికి రీల్‌ని కట్టే ఇత్తడి కాలు అది. మీద గీతలు గీతలుగా ఉంటుంది. ఒక్కో కంపెనీ రాడ్‌కి సీటు కొలత ఒక్కోలా ఉండడంతో, వెనకటి రోజుల్లో చాలామంది తమ రాడ్‌కి సరిపోయేలా ఫుట్ కొసల్ని అరగదీసుకునేవారు. అరగదీయని ఫుట్ దొరకడం అదృష్టమే. నాది అలాంటిది. యజమానులు ఎవరూ దాని మీద ఆకురాయి పెట్టలేదు. ఏ ఇబ్బందీ లేని ఫుట్‌ని "సులభంగా దూరడానికి" అని మీ మేస్త్రీ రెండు కొసలా పలచగా చేశారు. ఇప్పుడు నా రాడ్ సీటులో అది కదులుతోంది. నా రాడ్ 1950ల నాటి టోంకిన్ వెదురు బద్దల రాడ్. (టోంకిన్ వెదురు వచ్చేదాకా ఇక్కడి రాడ్లకు కలకత్తా పేరుతో మన దేశపు వెదురే వాడేవారు. ఆ సంగతి తెలిసిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.) ఎంత బిగించినా పది విసుర్లకి రీల్ వదులవుతుంది. ప్రస్తుతానికి సైకిల్ ట్యూబు ముక్క అడ్డం పెట్టి కడుతున్నాను.

రూపం సంగతి అలా ఉంటే, పని కూడా చెడిపోయింది. ఇది నా అల్మరాలో దాచుకునే వస్తువు కాదు. ట్రౌట్ సీజన్ మార్చి 22న మొదలై సెప్టెంబరు 30న ముగుస్తుంది. ఆ ఆరు నెలలూ వీలైన ప్రతి శనివారం దీనితోనే కోకెట్ నది ఒడ్డున ఉంటాను. మీ ఆలస్యం వల్ల మొదటి మూడు వారాలు పోయాయి, అది పట్టించుకోను. ఏప్రిల్ 18న రాత్‌బరీ దిగువన నీళ్ళలోకి దిగాను. ఏప్రిల్‌లో మధ్యాహ్నం వేళ ఆలివ్ ఈగలు నీటి మీద తేలుతూ వస్తాయి, అప్పుడు ట్రౌట్ పైకి లేస్తుంది. ఒకటి పట్టింది, బరువు ఒక పౌండు పైనే ఉంటుంది. ప్రవాహం వైపు ఒక్క లాగు లాగింది.

ఇక్కడ చెక్ చేసే పని మీ మేస్త్రీకి చెప్పాలి. పళ్ళచక్రం మీద ఒక చిన్న మీట స్ప్రింగు బలంతో నొక్కి ఉంటుంది. చేప లాగినప్పుడు ఆ మీట కాస్త గట్టిగా అడ్డుకోవాలి, మనం చుట్టేటప్పుడు తేలిగ్గా వదలాలి. ఆ అడ్డు లేకపోతే చేప ఆగినా డ్రమ్ము ఆగదు. లైను ఇంకా ఇంకా వదులై లోపల చిక్కుపడుతుంది. మీరు స్ప్రింగుని తలకిందులుగా, ఎడమచేతివాటానికి బిగించారు. నేను చుట్టబోతే బిగుసుకుంటోంది, చేప లాగితే హాయిగా వదిలేస్తోంది. ఆ రోజు అదే జరిగింది. డ్రమ్ము గిర్రున తిరిగింది, పట్టు లైను ఉండ చుట్టుకుపోయింది, మరో క్షణానికి చివరి సన్నదారం తెగింది. చేప పోయినందుకు కాదు నా బాధ, ఎలాగూ వదిలేసేవాణ్ణే. గాలం మూతిలోనే ఉండిపోయి, వెనక దారం వేలాడుతూ అది వెళ్ళిపోయింది. అది బాధ.

ఇంటికొచ్చి విప్పి చూశాను. గోళీల వరుసలో రెండు గోళీలు తక్కువ. ఆ ఖాళీని కప్పేలా కారు చక్రాలకి పెట్టే చిక్కటి గ్రీజు దట్టించారు. ఈ రీల్‌కి రెండు చుక్కల పలచటి నూనె చాలు. చలిలో ఆ గ్రీజు గట్టిపడి డ్రమ్ము బరువుగా తిరుగుతోంది. అది బయటికి కారి అడుగున చుట్టిన దారానికంతా నల్లగా అంటుకుంది. పైన ఉన్న పట్టు లైను వరకూ రాలేదు, అది ఒక్కటే మేలు. పట్టు లైనుని ఎలా చూసుకుంటామో మీకు తెలియదు. చేపలవేట అయ్యాక దాన్ని రీల్ నుంచి తీసి, కుర్చీల వీపుల మీద ఆరేసి, ఆరాక వేళ్ళతో మ్యూసిలిన్ అనే జిడ్డు రాసి మళ్ళీ చుట్టాలి. తడిగా రీల్ మీదే వదిలేస్తే కుళ్ళిపోతుంది.

ఇది నాకు నేర్పింది మా పక్కింటి పెద్దాయన. నేను రాజమండ్రి నుంచి ఈ ఊరు వచ్చిన మొదటి ఏడు, గోదావరిలో గాలం వేసిన చేతులకి ఇక్కడి ఈగ గాలం (ఈగలా కనిపించేలా కట్టిన గాలం) అస్సలు లొంగలేదు. మన దగ్గర ఎర బరువుతో దారం వెళుతుంది, ఇక్కడ లైను బరువుతో ఈకంత ఈగ వెళ్ళాలి. ఆయన రెండు వేసవులు నా పక్కన నిలబడి నేర్పారు. ఈ రీల్ ఆయన తాతగారిది. తాతగారి నుంచి తండ్రికి, తండ్రి నుంచి ఆయనకి వచ్చింది. ఆయనకి పిల్లల్లేరు. వృద్ధాశ్రమానికి వెళ్ళేముందు దీన్ని నా చేతిలో పెట్టి ఒకే ఒక మాట అన్నారు: "దీన్ని నీళ్ళకి దూరం చేయకు." నేను చూడ్డానికి వెళ్ళిన ప్రతిసారీ రీల్ ఎలా ఉందని అడుగుతారు. ఏప్రిల్ 11 తర్వాత రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ ఇంట్లో మర్చిపోయానని అబద్ధం చెప్పాను.

ఇక నేను అడిగేవి. నా రీల్ నుంచి తీసిన ప్రతి ముక్కా నాకు కావాలి. విరిగిన పాత స్ప్రింగు, ఐవరిన్ హ్యాండిల్ ముక్కలైనా సరే, ఆ రెండు గోళీలు. చెత్తబుట్టలు, సొరుగులు వెతికించండి. పాత హ్యాండిల్ దొరికితే బీటతోనే తిరిగి బిగించుకుంటాను. పూర్తి 95 పౌండ్లు వెనక్కివ్వాలి. 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం పనిని తగిన శ్రద్ధతో, నేర్పుతో చేయాలి. అలా చేయకపోతే మళ్ళీ సరిగా చేయమని గానీ, ధర తగ్గించమని గానీ అడిగే హక్కు నాకుంది, ఆ తగ్గింపు పూర్తి ధర దాకా ఉండొచ్చు. పోయిన పూత మళ్ళీ చేస్తే వచ్చేది కాదు కాబట్టి మళ్ళీ చేయమని అడగడం లేదు. చెక్‌ని, గోళీల వరుసని పాత రీళ్ళు బాగుచేసే మరొకరి దగ్గర సరిచేయించుకుంటాను. ఆ ఖర్చు మీరు భరించాలి. రసీదు పంపుతాను.

ఇంకొకటి, డబ్బు కంటే ముఖ్యమైనది. ఈ రీల్‌కి మీరు ఏమేం చేశారో మీ లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం చేసి ఇవ్వండి. పూత తీసింది, ఫుట్ అరగదీసింది, హ్యాండిల్ మార్చింది, తేదీలతో సహా. నా తర్వాత ఇది ఎవరి చేతికి వెళ్ళినా ఆ కాగితం దీనితోపాటే వెళుతుంది. మరమ్మతు చేసిన రీల్‌ని చేయనిదని వాళ్ళు అనుకోకూడదు, ఆ అరుగుదల పెద్దాయన ఇంట్లోవాళ్ళ చేతుల వల్లే వచ్చిందనీ అనుకోకూడదు.

మీ ఫారంలో కస్టమర్ రాసిన మాటకి మరమ్మతు బల్ల దగ్గర ఎంత విలువ ఉందో కూడా కనుక్కోండి. మేస్త్రీ పనితనం తక్కువని నేను అనడం లేదు. ఫుట్ మీద ఆయన ఆకురాయి పట్టిన తీరు చూస్తే చెయ్యి తిరిగినవాడని తెలుస్తూనే ఉంది. నా ఫారం ఆయన బల్ల దాకా వెళ్ళలేదని నా అనుమానం. మే 20 లోపు మీ దగ్గర్నుంచి జవాబు రాకపోతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకి వెళ్ళక తప్పదు. వెళ్ళాలని లేదు.

ఇక సెయింట్ జార్జ్ రీల్. దాని లైన్ గార్డులో బిగించిన అగేట్ రాయి బీటలు వారింది. దాన్ని తీయవద్దు. పట్టు లైను రాపిడికి లోహం కోసుకుపోతుందని ఆ రాయి పెట్టారు. బీట ఉన్నా లోపలి అంచు నున్నగానే ఉంది, లైనుకి హాని లేదు. డ్రమ్ము ముందున్న మూడు స్క్రూలు విప్పవద్దు. తుడవవద్దు. నూనె కూడా వేయవద్దు. నేను పంపినప్పుడు ఏ గుడ్డలో చుట్టి ఉందో అదే గుడ్డలో, అదే పెట్టెలో పెట్టండి. పోస్టులో పంపకండి. శుక్రవారం సాయంత్రం అయిదింటికి నేనే వచ్చి తీసుకెళతాను.

ఇట్లు
మీ కస్టమర్

జతపరచినవి: ఫిబ్రవరి 10 నాటి ఫారం ఫోటో; బిల్లు; రీల్‌కి పంపకముందు, వచ్చాక తీసిన 14 ఫోటోలు.