జీతం పెరిగితే పింఛను పోతుంది!

సంపాదకులకు,

పోయిన వారం మీ జిల్లా పేజీలో పింఛన్ల జాబితా గురించి వచ్చిన ‘అనర్హుల ఏరివేత’ వార్త చదివి ఊరుకుందామనే అనుకున్నాను. కానీ బియ్యంలో రాళ్లు ఏరినట్టు మనుషుల్ని ఏరిపారేస్తున్నామని అధికారులు గొప్పగా చెప్పుకోవడం, దాన్ని మీరు అక్షరం మార్చకుండా అచ్చు వేయడం చూశాక ఊరుకోబుద్ధి కాలేదు. ఆ ఏరే చేట ఎలాంటిదో కూడా రాయాలి కదా!

ఆంధ్రప్రదేశ్‌లో పింఛను, రేషన్ కార్డు లాంటి సాయం అందాలంటే కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్నంలో 12,000 రూపాయలు దాటకూడదన్నది నిబంధన. ఇవి 2019 నాటి అంకెలు. ఆ తర్వాత నూనె, గ్యాసు, ఇంటద్దె ఎక్కడికి పోయాయో చెప్పక్కర్లేదు. అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కు తొమ్మిది వేలు, అతని భార్య నాలుగిళ్లలో అంట్లు తోమితే మరో నాలుగు వేలు. కాగితం మీద వాళ్లిక పేదలు కారు. ఇంట్లో ఉన్న ముసలితల్లికి వచ్చే 4,000 రూపాయల పింఛను గాల్లో దీపమే. యజమాని ఐదొందలు పెంచుతానంటే ‘బ్యాంకులో వెయ్యకండి బాబూ, చేతికివ్వండి’ అనక ఏం చేస్తారు? ఆదాయం కాస్త పెరిగితే సాయం కాస్త తగ్గే పద్ధతి మన దగ్గర లేదు. ఉంటే మొత్తం ఉంటుంది, పోతే మొత్తం పోతుంది.

ఉపాధి హామీ కూలి 2025-26లో రోజుకు 307 రూపాయలు. ఆ లెక్కన భార్యాభర్తలిద్దరూ ఒక నెలలో 17 రోజుల చొప్పున మట్టి మోస్తే 10,438. సర్కారు ఇచ్చిన కూలే సర్కారు గీసిన గీత దాటేసింది! అప్పట్లో ఏడాదికి కుటుంబానికి వంద రోజులే పని కాబట్టి గండం గట్టెక్కింది.

ఇక కరెంటు. నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె గంటసేపు కాలితే ఒక యూనిట్. రోజుకు ఏడు గంటలు, 26 రోజులకు 182 యూనిట్లు. ఇంటి ఫ్యాన్లు, ఫ్రిజ్ మరో 120 లాగితే 302. ఇస్త్రీ చేసి బతికేవాడు ఆ రెండు యూనిట్లతో ధనవంతుడైపోయాడు. ఒకే మీటరు మీద మూడు వాటాలుంటే ఆ సర్వీసు నంబరు ఎవరి ఆధార్‌కు తగిలించారో వాళ్ల నెత్తిన ముగ్గురి వాడకమూ పడుతుంది. డెలివరీ కుర్రాళ్ల డబ్బులో ఒక శాతం టీడీఎస్ పేరుతో ముందస్తు ఆదాయపు పన్నుగా కోస్తారు. అది వెనక్కి రావాలంటే రిటర్ను వేయాలి. పన్ను కట్టేవాళ్లింటికి సాయం లేదు కాబట్టి, రిటర్ను వేసినవాడికీ పన్ను కట్టినవాడికీ తేడా తనిఖీలో తెలియకపోతే ఆ ఇంట్లో పింఛను గోవిందా. ఔట్‌సోర్సింగ్ వాళ్లకు జీతం సర్కారు చెల్లింపుల వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్ ద్వారా పడుతుంది కాబట్టి, సాయం దక్కని ‘ప్రభుత్వ ఉద్యోగి’ అని చూపించారు. ఉద్యోగ భద్రత అడిగితే మాత్రం కాదంటారు. పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు ఇచ్చారు, మంచిదే. మరి అంతే జీతమొచ్చే మిగతావాళ్లో?

కరెంటుతో పాటు భూమి, కారు కూడా లెక్కలోకి వస్తాయి. వాటిలో తప్పు దిద్దించుకోవాలంటే ముందు గ్రామ, వార్డు సచివాలయంలో అర్జీ. మీటరు తగాదా అయితే విద్యుత్ ఏఈ దగ్గరికి, భూమి అయితే వీఆర్వో, తహసీల్దారు దగ్గరికి. ఎప్పుడో అమ్మేసిన కారు ఇంకా పాత పేరు మీదే ఉంటే రవాణా కార్యాలయానికి. ఒక్కో గడపకు ఒక్కో రోజు కూలి దండగ. సాయం నిలబెట్టుకోవడానికి పని మానుకోవాలి, పని మానుకుంటే సాయం చాలదు.

ఆరోగ్యశ్రీకేమో ఏడాదికి 5 లక్షల ఆదాయమున్నా పేదలేనన్నారు. సరిహద్దు దాటి తెలంగాణలోని కోదాడ వెళ్తే పట్నంలో రేషన్ కార్డుకు 2 లక్షలు. మనకు 1,44,000. అగ్రవర్ణ పేదల కోటాకు 8 లక్షలు! పేదవాడెవడో తేల్చడానికి ఇన్ని కొలబద్దలు పెట్టుకున్న అధికారులు పేదవాణ్ని మాత్రం అన్నిటికంటే పొట్టి దానితోనే కొలుస్తారేం?

ఆదాయ పరిమితి సంగతి మంత్రివర్గం తేల్చాలి, సరే. ఈలోగా పేరు కొట్టేసినప్పుడు ఇచ్చే చీటీలో ఏ సర్వీసు నంబరు, ఏ బండి, ఏ సర్వే నంబరు వల్ల కొట్టేశారో రాయడానికి ఎవరి అనుమతి కావాలి? ఆదివారం పొద్దున రెండు గంటలు సచివాలయం తెరిచినా కొందరికి కూలి మిగులుతుంది. వాచ్‌మన్‌కు ఆదివారమూ సెలవుండదు, అది వేరే సంగతి.

— ఒక పాఠకుడు, విజయవాడ