మైకులో అన్నాను కాబట్టి నలుగురిలోనే చెబుతున్నా

నిరుడు ఏప్రిల్లో మా మేనల్లుడి పంచెల ఫంక్షన్‌కి వచ్చినవాళ్లలో చాలామంది ఇది చదువుతారు. మేనమామని, వాడికి బట్టలు పెట్టి అక్షింతలు వెయ్యాల్సినవాణ్ణి, మైకు లాక్కుని మా బావని నానా మాటలూ అన్నాను. మా నాన్న పొలం అమ్మిన డబ్బుతోనే ఎదిగాడన్నాను. అది అబద్ధం. ఆ రోజు విన్నవాళ్లలో కొందరు ఇప్పటికీ నిజమేననుకుంటున్నారని ఈమధ్యే తెలిసింది. అందుకే ముందు ఆ ముక్క రాసి, తర్వాత థాంక్స్ చెబుతున్నా.

అప్పటికి తొమ్మిది రోజులుగా రాత్రికి రెండు గంటలకు మించి నిద్ర లేదు. అయినా అలసట లేదు, అదే విచిత్రం. తెనాలిలో నాకున్నది ఒక్క జిరాక్స్ షాపు. దానికి ఇంకో మూడు బ్రాంచీలు పెట్టేస్తానని మూడు సెకండ్ హ్యాండ్ మిషన్లు కొన్నాను, మా ఆవిడ ఐదు కాసుల హారం బ్యాంకులో పెట్టి మరీ.

నాకు బైపోలార్ ఉందని ఆరేళ్ల క్రితమే చెప్పారు. ఈ జబ్బున్న మనిషి కొన్నాళ్లు ఎవరూ ఆపలేనంత హుషారుగా ఉంటాడు, కొన్నాళ్లు మంచం దిగడు, మిగతా రోజులు అందరిలాగే తన పని తాను చేసుకుంటాడు. అలా అందరిలాగే ఉన్న ఫిబ్రవరిలో, ‘బాగానే ఉన్నాగా, ఇంకెందుకు’ అని ఈ జబ్బుకి నేను వాడే లిథియం మాత్రలు మానేశాను. మా ఆవిడ అడిగితే వేసుకున్నానన్నాను. మాత్రలు కవర్లోంచి తీసి సింకులో పడేసేవాణ్ణి, లెక్క సరిపోవాలని.

హాస్పిటల్ నుంచి వచ్చాక చుట్టాలందరూ మంచి మాటే అన్నారు. ‘నువ్వు కాదురా, జబ్బు అనిపించింది.’ బావ కూడా అదే అన్నాడు, ఆయన మంచితనం. నాకూ హాయిగానే ఉంది. అక్క ఒక్కతే ఒప్పుకోలేదు. ‘జబ్బు వచ్చి మా గుమ్మంలో నిలబడి సారీ చెప్పదు కదరా. నువ్వే చెప్పాలి’ అంది. అప్పుడు చాలా కోపం వచ్చింది. నెల రోజులు వాళ్లింటికి వెళ్లలేదు. అక్కా, ఈ పోస్టులో మొదటి థాంక్స్ నీకే.

రెండోది మా డాక్టరు గారికి. అంతా చెప్పాక ఆయన తిట్టలేదు, అలాగని వదిలెయ్యనూ లేదు. ఏప్రిల్లో మీ నోరు మీ అదుపులో లేకపోయి ఉండొచ్చు, ఫిబ్రవరిలో మాత్ర మీ చేతిలోనే ఉంది కదా అన్నారు. అప్పటిదాకా నాకు రెండే దారులు కనిపించేవి: అంతా నా తప్పే అని చచ్చిపోవాలనిపించడం, లేదా నాకేం సంబంధం లేదని దులిపేసుకోవడం. చచ్చిపోవాలనిపించిన ఒక రాత్రి రెండు గంటలప్పుడు 14416కి ఫోన్ చేశాను. అది టెలీమానస్, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, డబ్బు తీసుకోరు, ఇరవై నాలుగ్గంటలూ పలుకుతారు. తెలుగులోనే మాట్లాడిందా అమ్మాయి, నేను ఏడుస్తున్నంతసేపూ లైన్లోనే ఉంది. పేరు తెలియదు. చల్లగా ఉండాలి.

మా వీధి మెడికల్ షాపు అన్నకి కూడా. మోకాలు నొప్పికి డైక్లోఫెనాక్ అడిగితే, ‘నువ్వు లిథియం వాడతావుగా, ఇది ఇవ్వను’ అని వెనక్కి పెట్టేశాడు. ఆ రకం నొప్పి మాత్రలతో రక్తంలో లిథియం పెరిగిపోతుందట, ఐబుప్రోఫెన్ కూడా అంతే. ఎండాకాలం చెమటలు పట్టి ఒంట్లో నీళ్లు తగ్గినా పెరుగుతుంది. రక్తపరీక్షలో నాకు ఆ లిథియం లెక్క 0.6కీ 0.8కీ మధ్య ఉంచుతున్నారు, 1.5 దాటితే విషమే. ఇంత చిన్న తేడాతో నడిచే మందని తెలిశాకే దాని మీద గౌరవం వచ్చింది. ల్యాబ్‌లో రక్తం తీసే కుర్రాడు కూడా ప్రతిసారీ ‘రాత్రి మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు సార్?’ అని అడుగుతాడు. పన్నెండు గంటలు కాకపోతే కూర్చోబెడతాడు. మొదట్లో విసుక్కునేవాణ్ణి.

మిషన్లు అమ్మినాయన, ఆయనకేం అవసరం లేదు, అయినా రెండు వెనక్కి తీసుకున్నాడు. సంతకం పెట్టింది నేనే, బేరం ఆడింది నేనే. కాదనుంటే నేను చెయ్యగలిగింది ఏమీ లేదు.

ఇక మా ఆవిడ. పెద్దగా రాయొద్దంది కాబట్టి కొంచెమే. నోట్‌బుక్‌లో రోజూ నా నిద్ర గంటలు రాస్తుంది. వరసగా రెండు రాత్రులు ఐదు గంటల కంటే తగ్గితే డాక్టరుకి ఫోన్ చెయ్యాలి, ఫోన్‌పే ఉన్న నా ఫోన్ తనకి ఇచ్చెయ్యాలి. ఒంట్లో బాగున్న రోజునే కూర్చుని ఇది రాసుకుని ఇద్దరం సంతకం పెట్టాం. అప్పుడు నేను గొడవ చేసినా వినొద్దని నేనే రాశాను. ఇంకో షరతు కూడా నాదే: నిద్ర సరిగ్గా ఉన్న రోజుల్లో నాకు కోపం వస్తే ‘మాత్ర వేసుకున్నావా?’ అనకూడదు. కూరలో ఉప్పెక్కువైతే బైపోలార్ లేనివాళ్లకీ కోపం వస్తుంది. దీనికి తను నవ్వి, ‘ఆ కోపానికి కూడా సారీ చెప్పాలి మరి’ అని కింద రాసింది. చెబుతున్నాను, చాలాసార్లు.

బావా, ఈ ఆదివారం మీ ఇంటికి వస్తున్నాను. ఆ రోజు పెట్టకుండా వచ్చేసిన బట్టలు బీరువాలో అలాగే ఉన్నాయి. వాడు ఈ ఏడాదిలో జానెడు పొడుగయ్యాడని అక్క చెప్పింది, మార్పించి తెస్తాను.

హారం ఇంకా బ్యాంకులోనే ఉంది. తను దాని ఊసే ఎత్తదు. కానీ నోట్‌బుక్‌లో నా నిద్ర గంటల పక్కన నేను వడ్డీ కట్టిన తేదీలు కూడా రాస్తోందని మొన్న చూశాను.