ఉపాధి శాఖ ఉద్యోగుల అసలు పని కూడా వార్తల్లో రావాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఉపాధి, శిక్షణ శాఖ ఉద్యోగుల గురించి ఒక వార్త వేశారు, ఒకాయనకి ఉత్తమ ఉద్యోగి ప్రశంసాపత్రం, ఇంకొకరికి ప్రమోషన్, ఇద్దరికి బదిలీ, ఒక సీనియర్ రిటైర్మెంట్, పైన శాలువా కప్పుతున్న ఫొటో. వేసినందుకు ముందుగా థాంక్స్ అండి, ఆ శాఖ వాళ్ల పేర్లు పేపర్లో కనపడటమే తక్కువ. కానీ వార్త రెండుసార్లు చదివినా నాకు ఒక్క విషయం దొరకలేదు, ఆయనకి ఆ పత్రం ఏం చేసినందుకు ఇచ్చారు అని. విధి నిర్వహణలో కనబరిచిన ప్రతిభకు గుర్తింపుగా అని ఉంది, అంతే. ఏ విధి, ఏం చేశారు, దానివల్ల ఎవరికి పని దొరికింది, అది లేదు. ఆయన్ని నేను తప్పు పట్టట్లేదు, చాలా చేసే ఉంటారు, ఆ చేసింది జనానికి తెలియాలి కదా అనే ఈ ఉత్తరం రాస్తున్నా.

నేను ఐటీఐలో ఫిట్టర్ చదివినవాణ్ణి. ఇప్పుడు ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తున్నా, జాబ్ మేళాలు పెట్టినప్పుడు కంపెనీ తరఫున టేబుల్ దగ్గర కూర్చునేది కూడా నేనే. సర్టిఫికెట్ల కవరు పట్టుకుని ఎండలో లైన్లో నిలబడటమూ తెలుసు, ఇవతల కూర్చుని పేర్లు రాసుకోవడమూ తెలుసు.

రెండేళ్ల కింద ఒక మేళాకి వెళ్లాం. ఎక్కడో, ఎవరు పెట్టారో చెప్పను, ఎవర్నీ ఇబ్బంది పెట్టడం నా ఉద్దేశం కాదు. ఆ రోజు మా టేబుల్ దగ్గర 43 మంది పేర్లు షార్ట్‌లిస్ట్ చేశాం. షార్ట్‌లిస్ట్ అంటే ఇంకా ఉద్యోగం కాదండి, తర్వాత ప్లాంట్‌కి రావాలి, మెషీన్ మీద చిన్న టెస్ట్ ఉంటుంది, మెడికల్ ఉంటుంది, అవన్నీ అయ్యాకే ఆఫర్ లెటర్. తెల్లారి చూస్తే ఆ 43 మందికీ ఉద్యోగాలు వచ్చేసినట్టు ప్రెస్ నోట్, అన్ని కంపెనీల లెక్కలు అలాగే కూడి పెద్ద అంకె వేశారు, మేళా విజయవంతం చేసిన సిబ్బందికి అభినందనలు అని కూడా ఉంది. జరిగింది ఏంటంటే చేరింది 11 మంది, నెల తిరిగేసరికి మిగిలింది నలుగురు. ఆ అంకె చూసి ఎన్ని ఇళ్లలో మావాడికి ఎందుకు రాలేదు అని బాధపడి ఉంటారో అని నాకు ఇప్పటికీ మనసులో ఉంటుంది.

అసలు నేను చెప్పాలనుకున్న మనిషి ఇక్కడే వస్తారు. ఆ మేళా పెట్టిన ఆఫీసులోనే ఒక మేడమ్ ఉన్నారు, పెద్ద పోస్టేమీ కాదు, రిజిస్ట్రేషన్లు చూసే సీటు. మేళా అయిన ఐదు వారాలకి ఆవిడ నాకు ఫోన్ చేసి, సార్, మీ దగ్గర చేరినవాళ్లెవరు, చేరనివాళ్లెవరు, మానేసినవాళ్లెవరు, పేర్లు పంపిస్తారా అని అడిగారు. ఇన్నేళ్లలో మేళా అయ్యాక నన్ను ఆ ప్రశ్న అడిగిన ఫోన్ అదే మొదటిది. లిస్ట్ పంపించా. చేరనివాళ్లు 32, మానేసినవాళ్లు 7, మొత్తం 39 మందికి ఆవిడ ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు, కొందరి నంబర్లు పనిచేయకపోతే వాళ్లతో పాటు చదివినవాళ్ల ద్వారా పట్టుకున్నారు. ఏరా, మంచి కంపెనీ కదా ఎందుకు వచ్చేశావు అని అడిగితే మొదట అందరూ ఒకటే మాట, ఇంట్లో బాగోలేదు మేడమ్ అని. కాసేపు మాట్లాడించాక అసలు సంగతులు బయటికి వచ్చాయి.

మానేసినవాళ్లలో ఎక్కువమంది చెప్పింది జీతం గురించి, తక్కువని కాదు, ఆలస్యమని. మా దగ్గర హాజరు 21వ తారీఖు నుంచి 20 దాకా లెక్క, జీతం ఒకటిన పడుతుంది. ఆ బ్యాచ్‌ని మా వాళ్లు 24న చేర్చుకున్నారు. అంటే మొదటి జీతం చూడటానికి వాడికి దాదాపు 40 రోజులు. ఆ 40 రోజులూ గది అద్దె, తిండి, బస్సు ఎక్కడినుంచి తేవాలి, ఇంట్లో అడిగితే వచ్చెయ్ రా అంటారు, వచ్చేశారు. ఇన్నేళ్లుగా అక్కడ పనిచేస్తున్నా నాకే ఈ విషయం తట్టలేదండి. పిల్లలకి ఓపిక లేదు, కష్టపడరు అని మేం టీ తాగుతూ అనుకునేవాళ్లం, అలా అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఆవిడ చెప్పాక నేను మా హెచ్ఆర్‌తో మాట్లాడా, ఇకమీదట కొత్తవాళ్లని పదో తారీఖు లోపల చేర్చుకుందాం, పదిరోజుల జీతమైనా ఒకటిన చేతికొస్తుంది, ఆలోపు క్యాంటీన్ కూపన్లు ఇచ్చి తర్వాత జీతంలో పట్టుకుందాం అని. వాళ్లు ఒప్పుకున్నారు, ఎందుకంటే కంపెనీకి దాంట్లో పోయేదేమీ లేదు, ఎవరూ అడగలేదు అంతే.

ఇంకో పిల్లాడిది పేరు గొడవ. మన దగ్గర ఇది ఎంత మామూలో అందరికీ తెలుసు, టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరు చివరికి పోతుంది. ముగ్గురూ ఒకడే అని మనకి తెలుసు గానీ కంప్యూటర్‌కి తెలియదు కదా, పీఎఫ్ నంబర్ రాలేదు, నంబర్ లేకపోతే చేర్చుకోం అని మా వాళ్లు వెనక్కి పంపారు. వాడు దాన్ని నువ్వు పనికిరావు అన్నట్టు తీసుకుని ఇంటికెళ్లి కూర్చున్నాడు. ఆ మేడమ్ వాణ్ణి పిలిపించి, కాగితాలన్నీ టేబుల్ మీద పరిచి, ఏది దేన్నిబట్టి మార్చాలో పెన్సిల్‌తో రాసిచ్చి, ఆధార్ సెంటర్‌కి పంపి, మార్పు అయిందో లేదో తర్వాత వారంలో రెండుసార్లు కనుక్కున్నారు. మొత్తం మీద మానేసినవాళ్లలో ఐదుగురు తిరిగొచ్చారు, చేరనివాళ్లలో ఆరుగురు కొత్తగా చేరారు, ఉన్న నలుగురితో కలిపి 15 మంది. ఆరు నెలలకి లెక్క చూస్తే 13 మంది ఉన్నారు. నా లెక్కలో ఆ మేళాలో వచ్చిన ఉద్యోగాలు 43 కావు, 13. అవైనా నిలబడింది ఆ మేడమ్ ఫోన్ల వల్ల. ఆవిడ పేరు ఎక్కడా రాలేదు, ప్రశంసాపత్రాల లిస్టులోనూ లేదు. అడిగితే, నా సీటు పని అది కాదు కదండీ, లెక్కలో ఎలా రాస్తారు అన్నారు.

ఆ మాట నన్ను చాలా ఆలోచింపజేసింది. ఈ ఉపాధి ఆఫీసుల చరిత్ర చూస్తే ఆవిడ చేసిందే అసలు పని. మన దేశంలో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు 1945లో మొదలైనప్పుడు, రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి సైన్యం నుంచి వెనక్కొచ్చినవాళ్లకి పని చూపించాలి అన్నదే ఉద్దేశం, అంటే ఒక్కో మనిషినీ పలకరించి వాడికి తగ్గ చోటు వెతకడం. 1956 నవంబర్ 1 నుంచి వీటి నిర్వహణ రాష్ట్రాలకి వచ్చింది. 1959 చట్టం ప్రకారం 25 మంది, అంతకు ఎక్కువ పనిచేసే ప్రైవేటు సంస్థలు కూడా ఎక్స్ఛేంజ్‌కి ఖాళీలు తెలియజేయాల్సి ఉండేది, అయితే ఎక్స్ఛేంజ్ పంపినవాళ్లనే తీసుకోవాలని మాత్రం ఆ చట్టంలో ఉండేది కాదు. మా అన్నయ్యల తరంలో టెన్త్ పాసవ్వగానే మొదటి పని ఎక్స్ఛేంజ్‌లో పేరు రాయించుకుని కార్డు తీసుకోవడం, రెన్యువల్ తారీఖు దాటిపోతే సీనియారిటీ పోతుందని గోడమీద క్యాలెండర్లో సున్నా చుట్టి పెట్టుకునేవాళ్లు. తర్వాత 1996లో మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నియామకాల కేసులోనే సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజ్ పంపిన పేర్లతో సరిపెట్టకూడదు, పేపర్లలో కూడా ప్రకటన ఇచ్చి అప్లై చేసిన అందర్నీ చూడాలి అని చెప్పింది. అది న్యాయమైన తీర్పే. కానీ దాని తర్వాత కార్డుకి ఉన్న బరువు తగ్గిపోయింది. 2015లో నేషనల్ కెరీర్ సర్వీస్ అని కేంద్రం వాళ్ల ఉద్యోగాల పోర్టల్ వచ్చాక రిజిస్ట్రేషన్ ఫోన్లోనే చేసుకోవచ్చు, 2020 సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో అయితే ఎక్స్ఛేంజ్ అన్న పేరే పోయి కెరీర్ సెంటర్ అని వచ్చింది. పేరు మారింది, పని మారింది, కార్డులు రాసిన చేతులే ఇప్పుడు కంపెనీలతో మాట్లాడాలి, పిల్లలకి కౌన్సెలింగ్ చేయాలి, చాలామంది చేస్తున్నారు కూడా, కానీ ఏడాది చివర ఉద్యోగి బాగా చేశాడా లేదా అని చూసేటప్పుడు మాత్రం ఇంకా ఎన్ని రిజిస్ట్రేషన్లు, ఎన్ని మేళాలు, ఎంతమంది వచ్చారు అనే అడుగుతున్నారు.

ఇలా కాకుండా లెక్కపెట్టడం కుదరదా అంటే కుదురుతుంది. గ్రామీణ యువత కోసం 2014లో పెట్టిన డీడీయూ-జీకేవై (దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన) పథకంలో ట్రైనింగ్ అయినవాళ్లలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలి, అదీ కనీసం మూడు నెలలు చేసినట్టు ఆధారం ఉండాలి అని రూల్ పెట్టారు. అదే పద్ధతి మేళాలకి ఎందుకు పెట్టరు? పెడితే మొదట్లో అంకెలు చిన్నవిగా కనపడతాయి, అది నిజం, కానీ ఆ మేడమ్ లాంటివాళ్లు అప్పుడే లెక్కలోకి వస్తారు.

ఐటీఐ సార్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ వార్తలో రిటైరైనది ఒక ఏటీఓ గారు, అంటే ఐటీఐలో పని నేర్పే అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్. 1950లో మొదలైన ఈ ట్రైనింగ్ స్కీమ్‌లో ఫిట్టర్ ట్రేడ్‌కి ఒక యూనిట్ అంటే 20 మంది. ఇరవై మంది ఇరవై వైసుల (ఇనప ముక్కని బిగించి పట్టే పరికరాల) దగ్గర ఒకేసారి ఆకురాయితో ఇనుము అరగదీస్తుంటే ఆ చప్పుడులో ఎవడి చేయి ఎటు వాలుతోందో చూడాలి ఆయన. మా సార్‌కి ఒక పద్ధతి ఉండేది, మేం ఆకురాయితో నున్నగా చేసి తెచ్చిన ముక్కకి ట్రైస్క్వేర్ (మూల సరిగ్గా ఉందో లేదో చూసే పరికరం) ఆనించి కిటికీ వైపు ఎత్తి పట్టుకునేవారు. రెండింటి మధ్యలోంచి సన్నటి వెలుతురు గీత కనపడిందా, ఏమీ అనేవారు కాదు, ముక్క చేతిలో పెట్టేసేవారు, మేం మళ్లీ వైస్ దగ్గరికి. ఒక ముక్కకి నన్ను తొమ్మిదిసార్లు పంపారు, పదోసారి వెలుతురు రాలేదు, అప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, ఇంక నువ్వెక్కడైనా బతుకుతావు బాబూ అన్నారు. ఇప్పటికీ షాఫ్ట్ అలైన్‌మెంట్ చూసేటప్పుడు నా కన్ను ముందు ఆ వెలుతురు కోసమే వెతుకుతుంది, కొలిచే డయల్ గేజ్ తర్వాత. ఆయన రిటైరైనప్పుడు కూడా పేపర్లో వచ్చింది మూడు లైన్లే, పుట్టిన ఊరు, సర్వీసు ఎన్నేళ్లు, ఎవరెవరు హాజరయ్యారు.

కొంచెం మంచి మార్పు వచ్చిందండి, కాదనను. 2023లో జాతీయ ఉపాధ్యాయ అవార్డులు ఇచ్చినప్పుడు బడి టీచర్లు 50 మంది, ఉన్నత విద్య నుంచి 13 మందితో పాటు స్కిల్ ట్రైనింగ్ ఇచ్చేవాళ్లని కూడా 12 మందిని తీసుకున్నారు. వార్త చదివి మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అందరం సంతోషపడ్డాం, వైస్ దగ్గర నిలబడి నేర్పేవాళ్లు కూడా టీచర్లే అని దేశం ఒప్పుకున్నట్టు అనిపించింది. 2022లో విశ్వకర్మ జయంతి రోజు ఐటీఐ పిల్లలకి మొదటిసారి స్నాతకోత్సవం కూడా చేశారు. కానీ ఢిల్లీ దాకా వెళ్లేది పన్నెండు మందే, మిగతావాళ్లని చూడాల్సింది ఇక్కడ మీరూ మేమే.

అందుకే మిమ్మల్ని ఒకటి కోరుతున్నా. ఉద్యోగుల ప్రెస్ నోట్ వచ్చినప్పుడు ఉన్నదున్నట్టు వేసేయకుండా, ఏం చేసినందుకు ఇచ్చారు అని మీ విలేకరిని ఒక్క ఫోన్ చేయమనండి, చెప్పేవాళ్లు సంతోషంగా చెప్తారు. మేళా వార్త అయితే అదే మేళా గురించి ఆరు నెలలకి ఇంకోసారి రాయండి, అప్పటికి ఎంతమంది పనిలో ఉన్నారు అని. రిటైర్మెంట్ వార్త అయితే ఆయన బ్యాచ్‌ని ఇప్పుడు ఎవరు చూస్తున్నారు, ఆ పోస్టు నింపారా లేదా అని కూడా అడగండి. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే నేను వెళ్లే ఒక సెంటర్లో ఒకే సార్ రెండు ట్రేడ్ల పిల్లల్ని చూస్తున్నారు, ఆయన ఎంత మంచివారైనా రెండు షెడ్లలో ఒకేసారి ఉండలేరు. పైగా పాతవాళ్లు వెళ్లిపోతే వాళ్ల ఫోన్లో ఉన్న నంబర్లు కూడా వాళ్లతోనే పోతాయి, ఏ కంపెనీలో ఎవరితో మాట్లాడితే పని అవుతుంది, ఏ కాంట్రాక్టర్ దగ్గరికి పిల్లల్ని పంపకూడదు, ఇవి ఏ రిజిస్టర్లోనూ ఉండవు, కొత్తగా వచ్చినవాళ్లు మళ్లీ మొదటినుంచి వెతుక్కోవాలి.

నేను చెప్పిన 13 మందిలో ఇద్దరు వేరే మంచి చోటికి వెళ్లారు, మిగతా 11 మంది ఇంకా మా దగ్గరే ఉన్నారు, ఒకడు ఇప్పుడు షిఫ్ట్‌లో కొత్తవాళ్లకి పని చూపిస్తున్నాడు. మీ విలేకరి వస్తానంటే మొదటి షిఫ్ట్ రెండింటికి వదులుతారు, గేటు దగ్గరే మాట్లాడిస్తాను. మా దగ్గరికి వచ్చేముందు మాత్రం ఆ మేడమ్‌ని కలవమనండి, పేరు వేయడానికి ఆవిడ ఒప్పుకుంటే వేయండి, ఆ 39 ఫోన్లు చేసిన నోటుబుక్కు ఆవిడ దగ్గర ఇంకా ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక పాత ఐటీఐ విద్యార్థి