సూరిగాడికి, కాజీపేట రూలు మీద

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరమొచ్చి నెల దాటింది, తిట్టుకో. ఇక్కడంతా కులాసా, అమ్మ మోకాలు నయం. ఇక అసలు సంగతికొస్తా, రెండు రోజులుగా కడుపుబ్బిపోతోంది.

పాత లైంగిక నేరాలకి అమెరికా రాష్ట్రాలు ఇప్పుడు చట్టం మార్చి కేసులెలా పెడతాయని అడిగావు కదా. అచ్చం మన కాజీపేట రూలేరా! రైలు ప్లాట్‌ఫాం మీదుండగా దాన్ని ఎంతసేపైనా ఆపుకో, కదిలెళ్లిపోయాక మాత్రం నీ తిప్పలు నీవి. (నవ్వకు, ఆ రాత్రి నీ మొహం నాకింకా గుర్తే.)

1993లో కాలిఫోర్నియా ఓ చట్టం చేసింది. పిల్లలపై లైంగిక నేరానికి లిమిటేషన్ (కేసు పెట్టడానికి చట్టమిచ్చిన గడువు) ముగిసిపోయినా, గట్టి ఆధారం తోడుంటే, బాధితులు పోలీసులకి చెప్పిన ఏడాదిలోపు కేసు పెట్టొచ్చని. దాని కింద 1998లో ఒకాయన మీద అభియోగం మోపారు. నేరాలెప్పటివి? 1955 నుంచి 1973 మధ్యవి! అప్పటి గడువు మూడేళ్లు, అంటే చిట్టచివరిదానికి కూడా 1976తో సరి. స్టాగ్నర్ కేసు అదే. 2003 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు 5-4తో కుదరదంది. "ఆనాడూ అది నేరమే, శిక్షా పెంచలేదు, ఇక కొత్తగా చేసిందేముంది?" అన్నది రాష్ట్రం వాదన. గడువు దాటిన రోజున ఆ మనిషి మీద శిక్ష పడే వీలే పోయింది, దాన్ని మళ్లీ పుట్టించడమంటే వెనకటి తేదీతో శిక్ష వేయడమేనని, రాజ్యాంగం దాన్ని నిషేధించిందని జస్టిస్ బ్రేయర్ తీర్పు. పిల్లలు నోరు విప్పడానికి దశాబ్దాలు పడుతుందన్నదీ నిజమే. చదువుతుంటే మనసు బరువెక్కింది. అయినా తీర్పు సరైనదేననిపిస్తోంది.

కాబట్టి ఫైలు తెరవగానే మూడు తేదీలు రాసుకో: నేరం జరిగింది, అప్పటి చట్టం ప్రకారం గడువు ముగిసింది, కొత్త చట్టం అమల్లోకొచ్చింది. మూడోది రెండోదానికి ముందుంటే పొడిగింపు మామూలుగా నిలుస్తుంది. తర్వాతుంటే ప్రాసిక్యూషన్ పోయినట్టే. జనం తప్పటడుగు వేసేది కేసు పెట్టిన తేదీ పట్టుకుని.

నష్టపరిహారం దావాల దారి వేరు, వాటికి ఆ నిషేధం తగలదు. న్యూయార్క్ 2019 ఆగస్టు 14న గడువు దాటిన పాత దావాలు వేసుకోడానికి ఏడాది కిటికీ తెరిచి, తర్వాత 2021 ఆగస్టు దాకా పొడిగించింది. యూటా అలాంటిదే చేస్తే 2020లో అక్కడి సుప్రీంకోర్టే కొట్టేసింది. రాష్ట్ర రాజ్యాంగం చూడకుండా ఏదీ తేల్చకు.

నాకు మింగుడుపడనిది అలాస్కా. 1994 చట్టంతో, అంతకుముందు శిక్ష అనుభవించేసినవాళ్లని కూడా లైంగిక నేరస్తుల రిజిస్ట్రీలోకెక్కించారు. ఏడాదికోసారి, కొందరైతే మూడు నెలలకోసారి తమ వివరాలు ధ్రువీకరించాలి. 2003 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టే 6-3తో అది శిక్షే కాదు పొమ్మంది! 2008లో అలాస్కా సుప్రీంకోర్టు మాత్రం సొంత రాజ్యాంగం ప్రకారం పాతవాళ్లకి వర్తించదంది. సాక్ష్యం రూలు మార్చినా చిక్కేరా, టెక్సస్‌లో 2000లో... అది పెద్ద కథ, తర్వాత.

మన దగ్గర మూడేళ్లు మించి శిక్షపడే నేరాలకి లిమిటేషనే లేదు కనక ఈ తంటా రాదు. మనకి తగిలేది రాజ్యాంగం ఆర్టికల్ 20(1): నేరం జరిగిననాటి చట్టంలో ఉన్నదానికన్నా ఎక్కువ శిక్ష వేయకూడదు. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో సెక్షన్ 6లో శిక్ష పెంచిన సవరణ 2019 ఆగస్టు 16న అమల్లోకొచ్చింది. అదే ఏడాది మే 20న జరిగిన నేరానికి కింది కోర్టు కొత్త శిక్ష వేసేసింది, ఊపిరున్నంతకాలం జైలు. 2025లో మన సుప్రీంకోర్టు దాన్ని పాత చట్టం కింది యావజ్జీవానికి మార్చింది. మూడు నెలల తేడా చూశావా? నీ దగ్గరున్న అప్పీల్లో ఛార్జిషీటు తేదీ కాదు, నేరం తేదీ ముందు...

పోస్టతను గేటు దగ్గరకొచ్చేశాడు, ఉంటా.

నీ
రాంబాబు