మా గొర్రెపిల్లల చావుకు కారణం తేల్చిన డాక్టరు గారికి కృతజ్ఞతలు

మా మందలో పిల్లలు వరసబెట్టి చనిపోతున్నప్పుడు ఆదుకున్న ఒక వెటర్నరీ పాథాలజిస్టుకు, అంటే పశువుల రోగానికీ చావుకూ కారణం పరీక్షించి తేల్చే డాక్టరుకు, అందరి ముందూ దండం పెట్టుకోవాలని ఇది రాస్తున్నాను. పేరు రాయొద్దన్నారు కాబట్టి డాక్టరు గారు అనే అంటాను.

సాయంత్రం దాకా గంతులేసిన పిల్ల తెల్లారేసరికి కాళ్లు బారజాపి పడి ఉండేది. జ్వరం లేదు, దగ్గు లేదు. పోయినవన్నీ మందలో బాగా ఒళ్లు చేసినవే. దాంతో అందరి నోటా ఒకటే మాట, ఎవరో విషం పెట్టారని. కోత అయిన పక్క చేలో మేపుతున్నాం కాబట్టి అనుమానం ఆ రైతు మీదికి పోయింది. కేసు పెట్టాలని మావాళ్లు పట్టుబట్టారు. మా పశువైద్యుడే అడ్డుపడి, ముందు పోస్టుమార్టం చేయిద్దామన్నారు. కళేబరాన్ని ఫ్రీజర్‌లో పెట్టకుండా ఐసు మధ్య చల్లగా ఉంచి ల్యాబ్‌కు తీసుకెళ్లమన్నారు. గడ్డకడితే కణజాలం చితికిపోయి మైక్రోస్కోపు కింద ఏమీ తేలదట.

డాక్టరు గారు వెంటనే కత్తి పట్టుకోలేదు. ముక్కు, నోరు, మలద్వారం దగ్గర నెత్తురు కారిందేమో చూశారు. చెవి నుంచి ఒక చుక్క రక్తం తీసి స్లైడు మీద పరిచి, రంగు వేసి మైక్రోస్కోపులో చూశారు. దొమ్మరోగం (ఆంత్రాక్స్) అయితే కళేబరాన్ని కోయకూడదు. లోపలి బ్యాక్టీరియాకు గాలి తగిలితే స్పోర్లు అనే గట్టి రూపంలోకి మారి దశాబ్దాల పాటు నేలలో ఉండిపోతాయి, మనుషులకూ సోకుతాయి. అది కాదని తేలాకే కోత మొదలుపెట్టారు. నన్ను కాస్త ఎడంగా నిలబెట్టి, ఓపిగ్గా ఒక్కొక్కటీ చూపించారు.

గుండె చుట్టూ ఉన్న సంచిలో ఎండుగడ్డి రంగు నీరు చేరి ఉంది. గాలి తగిలిన కాసేపటికి అది జెల్లీలా గడ్డకట్టింది. గుండె మీద ఎర్రటి చుక్కలు, కడుపు నిండా గింజలు. మూత్రంలో టెస్టు పట్టీ ముంచితే చక్కెర ఉన్నట్టు రంగు మారింది. మూత్రపిండాలు మెత్తబడి కనిపించాయి కానీ, చనిపోయి కొన్ని గంటలైతే ఏ పిల్లకైనా అవి మెత్తబడతాయి, అదొక్కటే పట్టుకుని తేల్చలేనన్నారు. ఆ మాటతోనే ఆయన మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది. పేగులోని పదార్థాన్ని టాక్సిన్, అంటే బ్యాక్టీరియా వదిలే విషం, ఉందేమో చూసే పరీక్షకు తీశారు. మెదడు ముక్కలను కుళ్లకుండా ఉంచే 10 శాతం ఫార్మలిన్ ద్రవంలో వేశారు. విషం సంగతి కూడా తేలాలి కాబట్టి కాలేయం, కడుపులోని మేత ఫార్మలిన్ తగలకుండా విడిగా పంపించారు.

రిపోర్టులో బయటి నుంచి ఎవరూ పెట్టిన విషం లేదు. వచ్చింది చిటుక రోగం, ఎంటరోటాక్సీమియా. క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ టైప్ డి అనే బ్యాక్టీరియా మామూలు గొర్రె పేగుల్లోనూ కొద్దిగా ఉంటుంది. మేతలో గింజ ఒక్కసారిగా ఎక్కువైతే విపరీతంగా పెరిగి ఎప్సిలాన్ అనే టాక్సిన్ వదులుతుంది. అది రక్తనాళాలనూ మెదడునూ దెబ్బతీస్తుంది. బాగా తినే పిల్లలే ముందు పోవడానికి కారణం ఇదే. ఏ పాపమూ ఎరగని మనిషి పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కకుండా ఆ ఒక్క కాగితం ఆపింది. మందను కాపాడినదానికంటే దీనికే నేను డాక్టరు గారికి ఎక్కువ రుణపడి ఉన్నాను.

రిపోర్టు కోసం తిరిగినప్పుడు ఆయన గురించి కొంత తెలిసింది. తోటివాళ్లు బతికున్న పశువులకు వైద్యం చేసే వైపు వెళ్తే ఈయన పాథాలజీ ఎంచుకున్నారు. ఉద్యోగకాలమంతా పోస్టుమార్టం గదికీ మైక్రోస్కోపుకీ మధ్యే గడిచింది. నెలలు నిండకముందే ఈసుకుపోయిన పిండాలను పరీక్షించేటప్పుడు బ్రూసెల్లోసిస్ అనే పశువుల రోగం తమకే అంటుకునే ప్రమాదం ఉంటుంది. అయినా ఆ పని మానలేదు.

ఆయన నోట తరచూ వినిపించే పేరు వాల్టర్ ప్లౌరైట్, రిండర్‌పెస్ట్ అనే పశువుల రోగానికి టీకా చేసిన పశువైద్య శాస్త్రవేత్త. 1761లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో మొదటి పశువైద్య పాఠశాల పెట్టడానికి ఒక ముఖ్య కారణం రిండర్‌పెస్ట్, మందలకు మందలను తుడిచిపెట్టిన రోగం. ప్లౌరైట్ కెన్యాలో పనిచేస్తూ, దూడ మూత్రపిండాల కణాల్లో వైరస్‌ను పెంచి దానికి టీకా తయారుచేశారు. అందుకు 1999లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ వచ్చింది. 2011లో రిండర్‌పెస్ట్ భూమ్మీద లేకుండా పోయిందని ప్రకటించారు. మశూచి తర్వాత పూర్తిగా నిర్మూలించిన రోగం అదొక్కటే. అదే వైరస్ కుటుంబం వల్ల గొర్రెలు, మేకలకు వచ్చే పీపీఆర్ రోగాన్ని 2030 కల్లా అంతం చేయాలన్నది ఇప్పటి లక్ష్యం. అది తన కళ్లతో చూడాలని డాక్టరు గారి కోరిక. చూడాలనే నేనూ మనసారా కోరుకుంటున్నాను.

ఆ ల్యాబ్‌లో కణజాలం పొదిగిన మైనం దిమ్మలను వెంట్రుకకంటే పలచటి పొరలుగా కోసే టెక్నీషియన్‌కూ, పోస్టుమార్టం గది కడిగి శుభ్రం చేసే సిబ్బందికీ కూడా నా నమస్కారాలు. వాళ్ల పేర్లు ఏ రిపోర్టులోనూ ఉండవు.

మిగిలిన పిల్లలకు డాక్టరు గారు చెప్పినట్టే రెండు డోసుల టీకా వేయించాం. కోసిన చేలోకి తోలేముందు ఎండుమేత పెడుతున్నాం, మొదట్లో కాసేపే మేపి వెనక్కి తెస్తున్నాం. రిపోర్టు కాపీ ఒకటి పక్క చేను రైతుకూ ఇచ్చాను. డాక్టరు గారూ, ఆయన కూడా మీకు నమస్కారం చెప్పమన్నారు.