చుండ్రు అని చెప్పింది నేనే

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో తల దురదకు చిట్కాలు వేశారు. పెరుగులో నిమ్మరసం, వేపాకు నీళ్లు, మెంతుల ముద్ద. మా షాపులో బల్ల మీద కూర్చున్న ముగ్గురు ఆ పేజీని ఫోటో తీసుకున్నారు. చీరాలలో మా నాన్న పెట్టిన సెలూన్‌ను 27 ఏళ్లుగా నేను నడుపుతున్నాను. రోజుకు పాతిక తలలైనా చూస్తాను. ప్రతి దురదా చుండ్రు కాదని మాత్రం ఓ పెద్దాయన తల పాడుచేశాకే నాకు తెలిసింది.

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. నాకూ పాఠం చెప్పారు. తొమ్మిదేళ్లుగా నెలకోసారి వచ్చి రంగు వేయించుకునేవారు, ఏ ఇబ్బందీ రాలేదు. నిరుడు మాఘమాసంలో "ఒరేయ్, చెవుల పైన ఒకటే జిలరా" అన్నారు. పాయ తీసి చూశాను. పొట్టు కనబడింది. "చుండ్రే మాస్టారూ" అని షాంపూ సీసా చేతిలో పెట్టాను. తగ్గలేదు. మందుల షాపులో అడిగితే ఓ ట్యూబు ఇచ్చారట. రాసినన్నాళ్లు హాయిగా ఉండేది, మానగానే రెట్టింపు. అది స్టెరాయిడ్ కలిసిన ట్యూబని, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని తర్వాత తెలిసింది. ఈలోగా నెల తిరిగింది, నేను మళ్లీ రంగు వేశాను. ఒక చేత్తో రంగు, ఇంకో చేత్తో చుండ్రు షాంపూ! మనవరాలి పెళ్లికి రెండు రోజుల ముందు వేసిన రంగుకి, పెళ్లినాటికి ఆయన కనురెప్పలు ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి. ముహూర్తం రాత్రి రెండింటికి. ఫోటోలన్నిట్లో మాస్టారు నల్ల కళ్లద్దాలతో ఉన్నారు.

గుంటూరులో చర్మం డాక్టరు దగ్గరికి నేనే తోడు వెళ్లాను. ఆవిడ తల ముట్టుకోకముందే "రంగు వేస్తారా? వేసిన ఎంతసేపటికి మొదలవుతుంది?" అని అడిగారు. మాస్టారు వేళ్ల మీద లెక్కేసి, ఒకటిన్నర రోజు అన్నారు. ఈ ఎలర్జీ అప్పటికప్పుడు రాదట, ఒకటి రెండు రోజులు పడుతుందట. అందుకే రంగు మీద ఎవరికీ అనుమానం పోదు. ఏళ్ల తరబడి పడిన రంగు కూడా ఒకనాటి నుంచి పడకపోవచ్చట. తర్వాత కనుబొమ్మలు, ముక్కు పక్కలు, మోచేతులు, గోళ్లు చూశారు. తల దురదకు గోళ్లెందుకా అనుకున్నాను. సోరియాసిస్ అయితే గోళ్ల మీద గుంటలు, మోచేతుల మీద పొలుసులు ఉండొచ్చట. ముదిరిన చుండ్రు అయితే కనుబొమ్మల్లోనూ ముక్కు పక్కనా పొట్టు లేస్తుందట.

వాపు పూర్తిగా తగ్గాక మళ్లీ పిలిచి, ఏది పడటం లేదో తేల్చడానికి, అనుమానం ఉన్న పదార్థాలు ఒక్కోటి పెట్టిన చిన్న చిన్న బిళ్లలు వీపు మీద వరసగా టేపుతో అంటించారు. రెండు రోజులు వీపు తడవకూడదు. విప్పిన రోజు ఒకసారి, ఇంకో రెండు రోజులాగి ఒకసారి చూశారు. ఒక్క చోట మాత్రం ఎర్రగా పొక్కులు లేచాయి. అది జుట్టు రంగులో కలిపే రసాయనం, పారాఫెనిలీన్‌డయామిన్, పొట్టిగా పిపిడి. నాకు నోరు తిరగలేదు, మాస్టారు మాత్రం రెండోసారికే పట్టేశారు.

"మేం రంగు వాడం, హెన్నాయే" అనే వాళ్లు మా షాపుకి చాలామంది వస్తారు. ఉత్త గోరింటాకు ఎర్రగానే పండుతుంది కానీ నల్లగా పండదు. నీలి ఆకు పొడి కలిపితే సరే. అది లేకుండా గంటలో బొగ్గులా నల్లబడిందంటే అందులో ఈ పిపిడి ఉందేమోనని చూసుకోవాలి.

పిల్లల తలల సంగతి వేరు. చెవుల వెనకా మెడ మీదా దురదంటే ముందు పేలు, ఈపులు వెతుకుతాను. పొట్టు అయితే దులిపితే రాలుతుంది, ఈపి వెంట్రుకను కరుచుకుని కదలదు. రూపాయి బిళ్లంత మేర జుట్టు విరిగి, నల్ల చుక్కలు కనిపిస్తే తామర అనుకుని మెషీన్ పెట్టను. అది మెషీన్ నుంచి, దువ్వెన నుంచి ఇంకో పిల్లాడికి అంటుతుంది. దానికి పై పూత చాలదు, పొట్టు గీరి పరీక్ష చేసి కొన్ని వారాలు మాత్రలు ఇస్తారు. అలాంటి తల మీద నిమ్మరసం పోస్తే మంట తప్ప ఏం మిగలదు.

ఇంకో విషయం ఒప్పుకోవాలి. రంగు పాకెట్లో మడత కాగితం ఒకటి ఉంటుంది. తొమ్మిదేళ్లూ విప్పకుండానే చెత్తబుట్టలో వేశాను. ముందుగా చర్మం మీద పరీక్ష చేసుకునే పద్ధతి ఇంగ్లీషుతో పాటు స్థానిక భాషల్లోనూ ఇవ్వాలని మన దేశంలో రూలే ఉంది. మాస్టారి సంగతి అయ్యాక విప్పి చూస్తే నిజంగానే తెలుగు ఉంది, ఆవగింజంత అక్షరాల్లో. కాబట్టి నా మనవి ఒక్కటే. చిట్కాలు వేసిన ఆ పేజీలోనే దీన్ని పెద్ద అక్షరాల్లో వేయండి: కలిపిన రంగు చుక్క చెవి వెనక గానీ మోచేతి లోపలి వైపు గానీ రాసి ఆరనివ్వాలి. కాగితంలో 24 గంటలాగి చూడమని ఉంది, డాక్టరు గారు రెండు రోజులు చూడమన్నారు. ఎర్రబడినా దురదపెట్టినా ఆ రంగు తలకు వద్దు.

ఇప్పుడు మా షాపులో కొత్తవాళ్లెవరికైనా ముందు చుక్క పెట్టి పంపిస్తున్నాను. సగం మంది తిరిగి రావడం లేదు, పక్క షాపులో వేయించుకుంటున్నారు. మాస్టారు తెల్ల జుట్టుతోనే వచ్చి కటింగ్ చేయించుకుని వెళ్తున్నారు.

నా పేరు వేయకపోయినా పర్వాలేదు. ఆయన ఇంటికి వచ్చేది మీ పేపరే. ఇందులో తప్పులుంటే ఎర్ర ఇంకుతో దిద్ది పంపిస్తారు.

– ఒక సెలూన్ యజమాని, చీరాల