బాంబులు పడలేదు, వేశారు

సంపాదకులకు,

మీ ఆదివారం సంచికలో లావోస్ యాత్రా వ్యాసం చదివాను. జలపాతాలు, బౌద్ధాలయాలు బాగున్నాయి. ‘యుద్ధకాలంలో ఇక్కడ చాలా బాంబులు పడ్డాయి’ అన్న వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. పడడానికి అవేమైనా వడగళ్లా? వేసినవాళ్లెవరో ఒక్క ముక్క లేదు.

వేసింది అమెరికా. లావోస్ తటస్థంగా ఉంటుందని, దాని జోలికి ఎవరూ వెళ్లకూడదని 1962 జూలైలో జెనీవాలో సంతకాలు చేసిన 14 దేశాల్లో అమెరికా ఉంది, మనమూ ఉన్నాం. ఉత్తర వియత్నాం సంతకం చేసి కూడా వియత్నాం యుద్ధానికి ఆ లావోస్ అడవుల్లోంచే సైన్యాన్ని నడిపింది. అదీ తప్పే. అందుకని 1964 నుంచి 1973 దాకా 5.8 లక్షల సార్లు విమానాలు పంపి, 20 లక్షల టన్నులకు పైగా బాంబులు గుమ్మరిస్తారా? అదీ సొంత ప్రజలకు చెప్పకుండా! దీన్ని ‘రహస్య యుద్ధం’ అంటారు. పగలంతా గుహల్లో దాక్కుని, రాత్రిళ్లు పొలం పనులు చేసుకున్న లావోస్‌లోని సియెంగ్ ఖువాంగ్ రాష్ట్రపు రైతుకు అందులో రహస్యమేముంది?

నాది 40 ఏళ్లుగా సత్తు సామాన్ల వ్యాపారం. పోయిన ఏడాది మా మేనల్లుడు ఆ దేశం నుంచి ఒక చెంచా తెచ్చిచ్చాడు. నాపియా అనే ఊళ్లో బాంబుల తాలూకు అల్యూమినియం కరిగించి అచ్చుల్లో పోసి చేస్తారట. తూచాను, 15 గ్రాములు. అంచు సరిగా రాలేదు, కాడ మీద గరుకు ఇంకా వేలికి తగులుతోంది. మా కొట్టుకు తూకానికి వచ్చేవి సొట్టపోయిన బిందెలు, చిల్లుపడిన గిన్నెలు. అక్కడ తూకానికి వచ్చేది ఇది. దాన్ని ఏరబోయి చేతులు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో.

పెద్ద గుండు గాలిలో విచ్చుకుంటే బత్తాయి కాయంత చిన్న బాంబులు వందల్లో రాలేవి. మొత్తం 27 కోట్లు. పేలకుండా మట్టిలో మిగిలినవే 8 కోట్ల దాకా ఉంటాయని అంచనా. అక్కడివాళ్లు ‘బాంబీ’ అంటారు. పిల్లలు బంతి అనుకుని ఎత్తుతారు. పార తగులుతుంది. పొయ్యి కింద నేల వేడెక్కినా చాలు. యుద్ధం ముగిశాక చనిపోయినవారు, గాయపడినవారు కలిపి 20,000 పైనే. 2016లో ఒబామా వెళ్లి మూడేళ్లకు 9 కోట్ల డాలర్లు ప్రకటించారు, క్షమాపణ మాత్రం చెప్పలేదు.

ఇలాంటి బాంబులను నిషేధిస్తూ 2008లో ఒప్పందం వచ్చింది. అమెరికా చేరలేదు, పైగా 2023లో ఉక్రెయిన్‌కు వాటినే పంపింది. అక్కడ రష్యా అప్పటికే వాడుతోంది. మన దేశమూ చేరలేదండీ, అదైనా మీరు ఒకసారి రాయవచ్చు.

మీ వ్యాసంలో చెంచా ఫొటో కింద ‘ముచ్చటైన జ్ఞాపిక’ అని వేశారు. మా ఆవిడ దాన్ని వంటింట్లోకి రానివ్వలేదు. కొట్లో, గల్లాపెట్టెలో తూకపు రాళ్ల పక్కన ఉంది.

– ఒక సత్తు సామాన్ల వర్తకుడు, రాజమహేంద్రవరం